పదవి – పద్ధతి : విద్యాప్రాంగణంలో దారి ఎవరిది?

అమరసింహుడు తన కోశంలోని భూమివర్గంలో మార్గానికి పన్నెండు పర్యాయపదాలు కూర్చాడు. వాటిలో పదవి, పద్ధతి, సరణి, ఏకపది అనే మాటలు కూడా ఉన్నాయి. ఇవి తెలుగులోకి వచ్చి పొందిన అర్థపరిణామం గమనింపదగినది. ‘పదవి’ అంటే అడుగులు పడే చోటు, అనగా దారి. సంస్కృతంలోనే దీనికి స్థానమనే అర్థం కూడా ఏర్పడినా, తెలుగు వాడుకలో దారి అనే అర్థం పూర్తిగా జారిపోయి అధికారస్థానమనే అర్థం ఒక్కటే నిలిచింది. ‘పద్ధతి’ అంటే పాదాలతో తొక్కబడినది. అది తెలుగులో క్రమానికి, మర్యాదకు పేరైంది. ‘సరణి’ రచనారీతులను చెప్పడానికి పనికివచ్చింది. ఇక ‘ఏకపది’, అంటే ఒక్క మనిషి నడిచే కాలిబాట, నిఘంటువు దాటి రాలేదు.

భాషలో శతాబ్దాలపాటు జరిగిన ఈ మార్పు, విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో నేలమీద కొన్ని దశాబ్దాలలోనే జరిగింది. అక్కడ కూడా దారి పదవిగా మారింది. కాలిబాట కాగితంమీది పటాలకు పరిమితమైంది. దారి పద్ధతిగా మారవలసిన పని మాత్రం మిగిలిపోయింది. ప్రాంగణంలో వాహనాల రాకపోకలను, వాటి నిలుపుదలను చక్కదిద్దడమనేది సున్నం గీతలకు, ఇనుప గొలుసులకు సంబంధించిన చిన్న విషయమని పలువురి భావన. అందువల్లనే పరీక్షల నిర్వహణ, వసతిగృహ పర్యవేక్షణ వలె దీనిని కూడా ఎవరో ఒక అధ్యాపకునికి అదనపు భారంగా అప్పగించి ఊరుకోవడం కనిపిస్తుంది. కాని దీని వెనుక ఉన్న ప్రశ్న చిన్నది కాదు. ఇద్దరు ఎదురుపడినప్పుడు ఎవరు తప్పుకోవాలి? ఈ ప్రశ్నను ధర్మశాస్త్రకారులు, ఇతిహాసకర్తలు, అర్థశాస్త్రకారుడు తీవ్రంగానే పట్టించుకున్నారు. ప్రాచ్యవిద్యాభ్యాసకులు తమకు పరిచితమైన ఆ గ్రంథాల వెలుగులో దీనిని పరిశీలించడం అప్రస్తుతం కాదు.

మనుస్మృతి ద్వితీయాధ్యాయంలో ఎవరికి దారి విడవాలో చెప్పే పట్టిక ఉన్నది. బండిమీద పోయేవాడు, తొంభై ఏండ్లు దాటిన వృద్ధుడు, రోగి, బరువు మోసేవాడు, స్త్రీ, స్నాతకుడు, రాజు, పెండ్లికుమారుడు అనేవారు అందులో వస్తారు. వీరందరూ ఒకచోట కలిస్తే స్నాతకుడు, రాజు మాననీయులని, ఆ ఇద్దరే ఎదురైతే స్నాతకునికే రాజు గౌరవం చూపవలెనని వెంటనే నిర్ణయం కూడా ఉన్నది. తెలుగునాట ఎక్కువగా అనుసరింపబడే ఆపస్తంబ ధర్మసూత్రాలలోనూ ఇటువంటి క్రమమే కనిపిస్తుంది. అక్కడ మరొక విశేషమున్నది. అశిష్టుడు, మత్తుడు, ఉన్మత్తుడు మొదలైనవారికి కూడా దారి ఇవ్వవలసిందే. అది వారిమీది గౌరవంవల్ల కాదు, తప్పుకొనేవాని క్షేమంకోసం. ప్రాంగణంలోని వంపులో అతివేగంగా దూసుకువచ్చే మోటారు సైకిలును చూసి పక్కకు జరిగే అధ్యాపకుడు తెలియకుండానే ఆ సూత్రాన్ని పాటిస్తున్నాడని చెప్పవచ్చు.

ఈ పట్టికలను జాగ్రత్తగా చూస్తే వాటిలో రెండు వేర్వేరు సూత్రాలు కలిసిపోయి ఉన్నట్లు తేలుతుంది. మొదటిది అశక్తి. వృద్ధుడు త్వరగా తప్పుకోలేడు. రోగి నిలవలేడు. బరువు మోసేవాడు దానిని దించి మళ్లీ ఎత్తుకోలేడు. బండి తోలేవాడు కూడా ఈ కోవలోనివాడే. ఎడ్లబండిని ఇరుకుదారిలో వెనుకకు మళ్లించడం కష్టం గనుక అతనికి దారి విడిచారు గాని, బండి కలిగి ఉండడం గొప్ప అని కాదు. రెండవది గౌరవం. రాజు, స్నాతకుడు, వరుడు ఈ కోవకు చెందుతారు. ఆపస్తంబుడు చెప్పిన వర్ణక్రమం కూడా ఈ రెండవ సూత్రంలోనిదే. రాజ్యాంగబద్ధమైన సమాజంలో దానికి తావులేదని వేరుగా చెప్పనక్కరలేదు. అశక్తి సూత్రం మాత్రం కాలంతో చెడలేదు. నేటి కారుకు ఎడ్లబండి అశక్తత లేదు. కాలిమీద చిన్న ఒత్తిడితో అది ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. కనుక శాస్త్రదృష్టిలో సైతం ‘చక్రి’కి ఉన్న హేతువు నేడు తొలగిపోయింది. హేతువు తొలగిన తరువాత కూడా ఆ హక్కు నిలిచి ఉంటే, అది అశక్తికి చెందిన హక్కుగా కాక పదవికి చెందిన హక్కుగా మారినట్లే.

ఈ రెండు సూత్రాల ఘర్షణను మహాభారతం రెండు కథలలో చూపింది. మొదటిది ఆదిపర్వంలో చిత్రరథుడైన గంధర్వుడు అర్జునునికి చెప్పిన కల్మాషపాదుని వృత్తాంతం. వేటాడి అలసిపోయిన రాజు ఒక్క మనిషి మాత్రమే పట్టే అడవిదారిలో వస్తుండగా వసిష్ఠుని పుత్రుడైన శక్తి ఎదురయ్యాడు. తప్పుకొమ్మని రాజు అన్నాడు. బ్రాహ్మణునికి దారి విడవడం రాజధర్మమని శక్తి నిలిచాడు. మాట పెరిగింది. రాజు కొరడాతో కొట్టాడు. ముని శపించాడు. రాక్షసత్వం పొందిన రాజుకు మొదట ఆహారమైనవాడు ఆ శక్తియే. ఆ తరువాత వసిష్ఠుని మిగిలిన కుమారులు కూడా బలియైనారు. దారి విషయమై వచ్చిన చిన్న తగవు ఒక ఋషివంశాన్ని దాదాపు తుడిచిపెట్టింది. కొరడా ఎత్తిన రాజుది దోషమనే విషయంలో సందేహం లేదు. అయితే కథకుడు పొదిగిన ఒక వివరం ఆలోచింపజేస్తుంది. ఆ సమయంలో రాజు ఆకలితో, దప్పికతో బాధపడుతున్నాడు. ఒకరు రాజ్యగౌరవాన్ని, ఇంకొకరు విద్యాగౌరవాన్ని పట్టుకొని నిలిచారు. ఎదుటివాని స్థితి ఏమిటని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

రెండవది అరణ్యపర్వంలోని అష్టావక్రుని కథ. వయసు చాలని బాలుడు, ఎనిమిది వంకరలు తిరిగిన శరీరం కలవాడు, వాదంలో ఓడి నీట మునిగిన తండ్రికోసం మేనమామ శ్వేతకేతువుతో కలిసి జనకుని యజ్ఞానికి బయలుదేరాడు. దారిలో రాజు ఎదురయ్యాడు. దారి ఎవరిదనే ప్రసంగం అక్కడా వచ్చింది. అంధుడు, బధిరుడు, స్త్రీ, భారవాహకుడు, రాజు అనే క్రమం చెప్పి, బ్రాహ్మణుడు ఎదురైతే దారి అతనిదేనని బాలుడు వాదించాడు. జనకుడు వెంటనే దారి ఇచ్చాడు. ఇక్కడ కూడా బాలుని వాదంలో గౌరవసూత్రమే చివరకు పైచేయి పొందింది. కాని కథలో జరిగినదానిని మాత్రమే చూస్తే, బలవంతుడైనవాడు, వాహనపరివారం కలవాడు, బలహీనుడైన విద్యార్థికి తప్పుకొన్నాడు. కల్మాషపాదుడు పోగొట్టుకొన్నదీ, జనకుడు నిలుపుకొన్నదీ ఒక్కటే. అది సందర్భంలో తన బలాన్ని తానే తగ్గించుకొనే గుణం.

కౌటల్యుడు ఈ విషయాన్ని గుణంగా కాక కొలతగా, దండంగా చూశాడు. 1909లో శామశాస్త్రి ప్రకటించిన తరువాత లోకానికి మళ్లీ తెలిసిన అర్థశాస్త్రంలో, రెండవ అధికరణపు దుర్గనివేశ ప్రకరణంలో దారుల వెడల్పులు ఉన్నాయి. రాజమార్గం మొదలైనవి ఎనిమిది దండాలు, సామాన్యమైన రథ్యలు నాలుగు దండాలు, రథపథం అయిదు అరత్నులు, పశుపథం నాలుగు అరత్నులు, చిన్న పశువులు, మనుష్యులు నడిచే దారి రెండు అరత్నులు. అరత్ని సుమారు మూరెడు. నాలుగు అరత్నులు ఒక దండం, అంటే దాదాపు 1.8 మీటర్లు. భారత రహదారుల మహాసభ 2012లో సవరించిన పాదచారుల మార్గదర్శకాలలో కాలిబాటకు అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలన్నది. ఇది సరిగా ఒక దండం. రెండు అరత్నులు ఒక మనిషి నడవడానికి చాలితే, దాని రెట్టింపు ఇద్దరు ఎదురెదురుగా ఒకరినొకరు తాకకుండా పోవడానికి చాలుతుంది. కాలం మారినా మానవదేహపు కొలత మారలేదు.

అర్థశాస్త్రం మూడవ అధికరణంలో దారికి అడ్డం కల్పించినవారికి దండనలు చెప్పబడ్డాయి. మనుష్యులు, చిన్న పశువులు నడిచే దారిని అడ్డగిస్తే 12 పణాలు, పెద్ద పశువుల దారికి 24 పణాలు, ఆ విధంగా పెరుగుతూ స్థానీయం, రాష్ట్రం, వివీతం మొదలైన వాటికి పోయే మార్గాలకు వచ్చేసరికి 1000 పణాలు. మనిషి నడిచే దారికి అన్నింటికంటె తక్కువ దండన నిర్ణయించడం నేటి పాఠకునికి వింతగా తోచవచ్చు. కాని దానిని కూడా ఒక స్వతంత్రమైన మార్గంగా గుర్తించి, అడ్డగించడం నేరమని చెప్పడమే విశేషం. నేటి ప్రాంగణాలలో కాలిబాటమీద వాహనం నిలపడం నేరమనే స్పృహ కూడా చాలామందికి లేదు. దారిమీద వాహనం ఆగి ఉన్నప్పుడు అది వాహనం కాదు, అడ్డుగోడ. పార్కింగు సమస్యలోని మూలసూత్రం ఇదే.

ప్రమాదాల విషయంలో మనుస్మృతి అష్టమాధ్యాయం మరింత సూక్ష్మంగా వ్యవహరించింది. ముక్కుతాడు తెగడం, కాడి విరగడం, ఇరుసు లేక చక్రం విరగడం వంటి పది సందర్భాలలో బండివానికి దండన లేదు. ఆ పదింటిలో చివరిది తప్పుకొమ్మని గట్టిగా అరవడం. నేటి హారను దీని వారసురాలే. హారను మోగించడంతో తన బాధ్యత తీరిపోయిందనే భావం నేటికీ బలంగా ఉన్నది. గ్రంథాలయం ముందు, పరీక్ష జరిగే గది కిటికీ కింద అది మోగడానికి కారణం కూడా ఇదే. అయితే అదే ప్రకరణంలో గుర్తుంచుకోదగిన మరొక నిర్ణయమున్నది. తోలేవాడు నేర్పులేనివాడై బండి దారితప్పి హాని కలిగితే, యజమానికి 200 పణాల దండన. నేర్పుగలవాడే హాని చేస్తే దండన అతనికే. నేర్పులేనివానిని నమ్మి బండి ఎక్కినవారికి కూడా తలా 100 పణాలు. బాధ్యత పగ్గాలు పట్టినవానితో ఆగదని, బండి ఇచ్చినవానికి, ఎక్కినవానికి కూడా పంచాలని ఈ దృష్టి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలోని 199-ఎ విభాగం మైనరు చేసిన నేరానికి సంరక్షకుని, వాహన యజమానిని బాధ్యులను చేసి, మూడేండ్ల వరకు శిక్షను, 25,000 రూపాయల జుల్మానాను విధించింది. రెంటి ప్రయోజనాలు వేరైనా తర్కం ఒక్కటే. ఇంటర్మీడియట్ చదివే కొడుకుకు మోటారు సైకిలు తాళం అందించి కళాశాలకు పంపే తండ్రి, వెనుక కూర్చుని వచ్చే ఇద్దరు స్నేహితులు ఈ తర్కానికి బయట లేరు.

ఈ చర్చను నేలమీద చూడదలచినవారికి హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం తగిన ఉదాహరణ. 1918లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. విశాలమైన దారులతో ఆ ప్రాంగణం రూపుదిద్దుకొన్న నాటికి అది నగరపు పొలిమేర. మోటారు కార్లు అరుదు. నగరం పెరిగి నాలుగు దిక్కులా దానిని చుట్టుకొన్నది. తార్నాక వైపునుండి విద్యానగర్, అడిక్‌మెట్ వైపులకు పోవలసినవారికి ప్రాంగణంలోని దారులే దగ్గరి దారులైనాయి. చదువుతో సంబంధంలేని వాహనాలు చదువుకొనేవారి మధ్యగా ప్రవహించే స్థితి ఏర్పడింది. ఇది ఒక్క ఉస్మానియాకు చెందిన విషయం కాదు. ఊరి బయట నెలకొల్పిన ప్రతి విద్యాసంస్థకూ, ఊరు దానిని చేరుకొన్న తరువాత ఎదురయ్యే స్థితి ఇదే. దారి మూసివేస్తే నగరవాసికి కష్టం. మూయకపోతే విద్యార్థికి ప్రమాదం. ఇక్కడ ఇరువురూ తమ తమ హక్కు చెప్పగలరు. ఏకాయనంలో ఎదురుపడిన ఆ ఇద్దరి వలెనే.

విశేషమేమంటే, ఆ ప్రాంగణానికి ఆర్ట్స్ కళాశాల పేరుతోనే ఒక రైలు స్టేషను ఉన్నది. నగరపు ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు 2003 నుండి నడుస్తున్నాయి. భారీగా వాహనాలు నిలిపే చోటు ఒక్కటి కూడా అక్కరలేకుండా వందలమందిని ప్రాంగణం దగ్గర దింపగల సాధనం రైలు, బస్సు మాత్రమే. వాహనాల నిలుపుదల సమస్యకు పరిష్కారం వాహనాలు నిలిపే చోట దొరకదు. ఇంటినుండి బయలుదేరే చోట దొరుకుతుంది. స్టేషనుకూ తరగతి గదికీ మధ్య ఉన్న ఆ చివరి కిలోమీటరు ఎండలో, దుమ్ములో, అడ్డంగా నిలిపిన వాహనాల మధ్య సాగితే, నెల తిరిగేసరికి విద్యార్థి అప్పుచేసి అయినా ద్విచక్రవాహనం కొంటాడు.

దారి పదవిగా మారడం తెలుగునాటికే పరిమితమైన లక్షణం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా ఉన్న క్లార్క్ కెర్, 1963లో హార్వర్డులో చేసిన ఉపన్యాసాలలో, ఎవరికి వారుగా ఉండే ఆచార్యులను ఏకం చేసేది కారు నిలిపే చోటు గురించిన ఫిర్యాదేనని చమత్కరించాడు. ఆ విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో నోబెల్ పురస్కారం పొందిన ఆచార్యులకు కారు నిలుపుకొనే స్థలం ప్రత్యేకించే ఆచారం లోకప్రసిద్ధం. స్నాతకునికి రాజు దారి ఇవ్వాలన్న మనువు మాటకు ఇది దూరపు ప్రతిధ్వని అనిపిస్తుంది. విద్వత్తుకు చూపిన ఆ గౌరవం మెచ్చదగినదే. కాని తెలుగునాట ప్రాంగణాలలో పేరు రాసిన బోర్డులు విద్వత్తునుబట్టి గాక హోదానుబట్టి వెలుస్తాయి. అధికారి సెలవులో ఉన్నా ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. కర్రల ఆసరాతో నడిచే విద్యార్థిని తెచ్చిన ఆటో మాత్రం గేటు బయటే ఆగుతుంది.

అదే రాష్ట్రపు లాస్ ఏంజిలిస్ ప్రాంగణంలో ఆచార్యుడుగా ఉండి 2025లో కీర్తిశేషుడైన డొనాల్డ్ షూప్, 2005లో ప్రకటించిన బృహద్గ్రంథంలో ఈ విషయానికి ఆర్థికశాస్త్ర దృష్టినుండి ఒక ముఖ్యమైన మాట చేర్చాడు. ఉచితంగా కనిపించే పార్కింగు ఉచితం కాదని, దాని ఖర్చు వాహనం లేనివారితో సహా అందరిమీద పడుతుందని ఆయన వాదసారం. దీనిని తెలుగునాటి లెక్కలో చూడవచ్చు. భారతీయ నిర్మాణ నియమావళులు ఆరుబయట ఒక కారు నిలవడానికి, వచ్చిపోయే దారితో కలిపి, 23 చదరపు మీటర్లు కావలెనని లెక్క కడతాయి. మూడు కార్లకు 69 చదరపు మీటర్లు. అంతటి గదిలో అరవైమంది విద్యార్థులు కూర్చుని పాఠం వినగలరు. ఆ మూడు కార్లు ఉదయం పదింటికి వచ్చి సాయంత్రం దాకా కదలవు. ఆ నేలను చదును చేయడానికి, కాపలాకు, దీపాలకు అయ్యే ఖర్చు విశ్వవిద్యాలయ నిధులలోనిది. అందులో బస్సు పాసుతో వచ్చే విద్యార్థి కట్టిన రుసుము కూడా కలిసి ఉన్నది.

ఈ గ్రహింపుతో కొన్ని విశ్వవిద్యాలయాలు దారి మార్చాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 1991లో విద్యార్థులకు, ఉద్యోగులకు నగరపు బస్సులలో తిరిగే పాసును ప్రవేశపెట్టి, పార్కింగు రుసుము పెంచింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2000లో కొత్త భవనాలకు అనుమతి పొందినప్పుడు, రద్దీవేళల్లో కారు రాకపోకలు పెరగకుండా చూసుకొనే షరతుకు లోబడింది. అంత దూరం పోనక్కరలేకుండా, జింకలు తిరిగే మద్రాసు ఐ.ఐ.టి. ప్రాంగణంలో విద్యార్థుల మోటారు వాహనాలకు తావులేదు. సైకిళ్లు, ప్రాంగణంలో తిరిగే బస్సులు ఆ లోటు తీరుస్తాయి. ఈ మూడింటిలోనూ కనిపించే సమానధర్మం ఒకటే. ముందు ప్రత్యామ్నాయం కల్పించి, తరువాతనే నిషేధం విధించారు, లేదా రెంటినీ ఒకేసారి చేశారు. ప్రత్యామ్నాయం లేని నిషేధం గేటు దగ్గర తగవుగా మాత్రమే పరిణమిస్తుంది.

తెలుగునాట మరొక కారణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అది ఎండ. సున్నంతో గీతలు గీసి బోర్డు పెట్టిన చోటు బోసిగా ఉండి, వేపచెట్టు కింద మూడు వరుసల స్కూటర్లు ఒకదానినొకటి ఒరుసుకొని ఉండడం ఏ కళాశాలలోనైనా చూడవచ్చు. దీనిని క్రమశిక్షణారాహిత్యమని నిందించడం తేలిక. కాని వైశాఖమాసపు మధ్యాహ్నంలో నాలుగు గంటలు ఎండలో ఉన్న స్కూటరు సీటుమీద కూర్చోవలసివచ్చినవానికి అసలు కారణం తెలుసు. వాహనాన్ని ఎక్కడ నిలపాలో నిర్ణయించేది గీత కాదు, నీడ. ఆ నీడ కింద నడిచే హక్కు మొదట ఎవరిది? లోపలి మనిషికి పైకప్పు ఉన్న కారుది కాదు. నడిచేవానిది. ఉన్న చెట్లనీడను కాలిబాటకు విడిచి, వాహనాలకు ప్రాంగణపు అంచున రేకుల పందిళ్లు వేసి, వీలైన చోట వాటిమీద సౌరఫలకాలు పరిస్తే, గొలుసులూ జుల్మానాలూ లేకుండానే సగం క్రమం ఏర్పడుతుంది. వేళ్లమీద వాహనాల బరువు, జారిన నూనె తప్పితే చెట్లకూ ఆయుష్షు పెరుగుతుంది.

నిలిచిన వాహనం కంటె కదిలే వాహనం ప్రమాదకరమైనది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో 8 మీటర్లకు పైగా పోతుంది. తోలేవాడు ఎదుటి మనిషిని గమనించి బ్రేకు వేయడానికి ఒక సెకను పడుతుందనుకొంటే, ఆగేసరికి మొత్తం 14 మీటర్లు కావాలి. 50 కిలోమీటర్ల వేగంలో ఆ దూరం 28 మీటర్లకు చేరుతుంది. వేగం రెట్టింపు కాకపోయినా దూరం రెట్టింపైంది. తరగతి విడిచి మాట్లాడుకొంటూ బయటికి వచ్చే విద్యార్థులకు, మొదటి పరిస్థితిలో ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ. రెండవదానిలో చాలా తక్కువ. అందువల్లనే నడిచేవారు, వాహనాలు కలిసి తిరిగే చోట్ల 30 కిలోమీటర్ల పరిమితిని 2020లో జరిగిన స్టాక్‌హోం ప్రకటన సూచించింది. ప్రాంగణంలో వేగాన్ని తగ్గించేది కూడా బోర్డు కాదు, దారి ఆకృతి. తిన్నగా, వెడల్పుగా ఉన్న దారి వేగాన్ని ఆహ్వానిస్తుంది. స్పీడు బ్రేకరుకు సైతం ఒక శాస్త్రం ఉన్నది. 1988లో రహదారుల మహాసభ నిర్ణయించిన కొలత ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా లేచి, 10 సెంటీమీటర్ల ఎత్తుకు చేరి, మెల్లగా దిగాలి. రాత్రికిరాత్రి పోసే నిటారైన సిమెంటు గట్టు వేగాన్ని తగ్గించడంకంటె ఎక్కువగా, వెనుక కూర్చున్న వృద్ధుని వెన్నుకు హాని చేస్తుంది.

అష్టావక్రుని కథలో దారి తరువాతి ఘట్టం ద్వారం. రాజు దారి ఇచ్చినా ద్వారపాలకుడు ఆపాడు. బాలురకు ప్రవేశం లేదన్నాడు. విద్యలో పెద్దరికం వయసునుబట్టి రాదని వాదించి, ప్రశ్నలకు జవాబులు చెప్పిన తరువాతనే అతడు లోపలికి పోగలిగాడు. నేటి ప్రాంగణంలో ఈ కథ తిరగబడి నడుస్తున్నది. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపినవానికి ప్రవేశం సులభం. లోపలి దారిమీదనే అసలు పరీక్ష. తెల్లకర్ర పట్టుకొన్న విద్యార్థి కాలిబాట అంచును తడుముతూ నడుస్తాడు. ఆ అంచున అడ్డంగా నిలిచిన మోటారు సైకిలు అతనికి కనిపించని గోడ. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థినికి వాలుదారి ముందు నిలిపిన కారు మూసిన తలుపుతో సమానం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, విద్యాసంస్థలు తమ భవనాలను, ప్రాంగణాలను అందరికీ అందుబాటులో ఉంచవలెనని నిర్దేశించింది. అడ్డులేని కాలిబాటమీద నడవడం జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అశక్తికి దారి విడవాలన్న ప్రాచీన సూత్రానికి నేటి న్యాయం చట్టరూపం ఇచ్చింది. వాలుదారిని కట్టించడం సంస్థ పని. దాని ముందు వాహనం నిలపకపోవడం ప్రతి ఒక్కరి పని.

ఇక కర్తవ్యం మిగిలింది. ప్రాంగణంలో ఏ ఏర్పాటు చేసినా మొదట కాలిబాటను గీసి, తరువాత సైకిలుకు, బస్సుకు చోటు చూసి, మిగిలిన నేలనే వాహనాల నిలుపుదలకు వదలడం న్యాయమైన క్రమం. సాధారణంగా జరిగేది దీనికి తలక్రిందులు. మొదట వాహనాలకు చోటు కేటాయించి, మిగిలిన సందులలో మనుష్యులు నడవవలసివస్తుంది. భవనాల ముంగిళ్లలో చోటు ఎవరికైనా ప్రత్యేకించవలసి ఉంటే, అది దివ్యాంగులకు, రోగులకు, గర్భిణులకు, వయోవృద్ధులైన సందర్శకులకు, అంబులెన్సుకు చెందాలి. హోదా కలవారు అంచున వాహనం విడిచి నాలుగు అడుగులు నడిస్తే, పనివేళలలో తమకు కనిపించని ప్రాంగణం వారికి కనిపిస్తుంది. పగిలిన బండ, వెలగని దీపం, అడ్డంగా పడిన కొమ్మ మొదట వారి దృష్టికే వస్తాయి. బయటి వాహనాల విషయంలో రాత్రీపగలూ ఒకే నియమం కాక, తరగతులు నడిచే వేళలకు ఒకటి, మిగిలిన వేళలకు ఒకటి పెట్టడంవల్ల నగరానికీ విద్యకూ మధ్య సంధి కుదురుతుంది. జుల్మానా వేయవలసివస్తే కౌటల్యుని వలె అడ్డగించిన దారి ప్రాముఖ్యాన్నిబట్టి వేయాలి. అయితే ఆ పట్టికను తిరగవేసి, వాలుదారిని, కాలిబాటను అడ్డగించినవానికే పెద్ద మొత్తం విధించాలి.

వీటిలో ఏదీ పెద్ద నిధులు కోరేది కాదు. కోరేది ఒక అలవాటు మార్పు. విద్యాసంస్థ బోధించే విషయాలలో కొన్ని పాఠ్యప్రణాళికలో ఉండవు. బలవంతుడు బలహీనునికి తప్పుకోవడం అటువంటి ఒక పాఠం. దానిని చెప్పే ఆచార్యుడు తరగతి గదిలో జనకుని కథ చెప్పి, బయటికి వచ్చి వాలుదారి ముందు నిలిపిన తన కారు ఎక్కితే, విద్యార్థి నేర్చుకొనేది రెండవదే. ఒక ప్రాంగణంలో దారి ఎవరిదో తెలుసుకోవడానికి అక్కడి బోర్డులు చదవనక్కరలేదు. పది గంటల వేళ కూడలిలో ఎవరు ఆగుతున్నారో, ఎవరికోసం ఆగుతున్నారో చూస్తే చాలు. అమరసింహుని పట్టికలో పదవి ఉన్నది, పద్ధతి కూడా ఉన్నది. రెండూ దారులే. విద్యాప్రాంగణానికి తగినది రెండవది.